మధ్యవయసు కారు

కోరాడ అప్పలసూరి ఇరవై రెండేళ్లు సరుకు ఓడల మీద ఫిట్టరుగా పనిచేసి, ఆ తర్వాత విశాఖపట్నం కంచరపాలెంలో ఇంటి ముందే రేకుల షెడ్డు వేసుకుని, ఆటోల ఇంజన్లు బాగుచేసుకుంటూ బతుకుతున్న మనిషి. అరవై ఒక్క ఏళ్లు వచ్చేదాకా ఆయనకు ప్రభుత్వంతో పని పడలేదు. ప్రభుత్వానికీ ఆయనతో పడలేదు. ఆ ఏడాది ఆషాఢంలో జపాన్ నుంచి ఒక కారు వచ్చి ఇద్దరినీ కలిపింది.

కారు పంపినవాడు మొరితా అనే ఓడ ఇంజనీరు. ఒకప్పుడు కోబే రేవులో ఓడ నాలుగు నెలలు మరమ్మతుకు ఆగినప్పుడు, ప్రతి ఆదివారం సూరీ అతనూ కలిసి ఆ కారు గేర్‌బాక్సు విప్పి మళ్లీ బిగించారు. ఒకరి భాష ఒకరికి రాదు. స్పానర్లు అందించుకుంటూనే స్నేహితులైపోయారు. కారు పేరు కమోమె. వంకాయ రంగు, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. జపాన్‌లోనే అమ్మడానికి మొత్తం రెండు వందలు తయారుచేసి, ఆ కంపెనీ మూతపడింది. మొరితా పోతూ పోతూ వీలునామాలో దాన్ని సూరికి రాసి, ఒక చీటీ పెట్టాడు. ఓడ ఏజెంటు దాన్ని తెలుగులో చదివి చెప్పాడు.

"దీని గేర్‌బాక్సు సంగతి మనిద్దరికే తెలుసు. ఇక నీ ఒక్కడికే తెలుసు."

సూరి ఆ చీటీని జేబులో పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, రేవు దగ్గరున్న విదేశీ వాహన విలువ నిర్ణయ కార్యాలయానికి వెళ్లాడు. అక్కడి ముఖ్య అధికారి తూములూరి దక్షిణామూర్తి. నుదుట సన్నని విభూతి రేఖ, జేబులో మూడు రంగుల కలాలు. ఆయన మాట్లాడితే ఆ మాటలు తిన్నగా ఫైల్లో అతికించుకోవచ్చు.

"వాహనము వయస్సు?" అన్నాడు ఆయన.

"ఇరవై తొమ్మిదేళ్లండి."

దక్షిణామూర్తి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఎవరో పోయారని విన్నట్టు కాసేపు తల వంచుకున్నాడు.

"మూడేండ్ల లోపు వాహనము నూతనము. నూతనమును అనుమతింతుము. యాభై యేండ్లు దాటినది పురాతనము. పురాతనమును గౌరవింతుము. నడుమ నున్న వాహనమును గూర్చి నిబంధనావళిలో ప్రస్తావన లేదు. మీ వాహనము మధ్యవయస్కము."

"మరి నానేటి సెయ్యాల బాబూ?"

"నిరీక్షింపవలెను. ఇరవై యొక్క సంవత్సరములు."

సూరి వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. "అప్పటికి నాకు ఎనభై రెండండి. క్లచ్చి తొక్కడానికి కాలాడద్దండీ?"

"అది వైద్య విభాగము. ఇంకొక విషయము. తొంబది దినములలో విడిపించుకొనని సరుకును తుక్కు యంత్రములో నలగగొట్టెదరు."

"అంటే ఇరవై ఒక్క ఏళ్లు ఆగాల. తొంబై రోజుల్లో అట్టుకుపోవాల. అంతేనేటండి?"

"చక్కగా గ్రహించితిరి" అని దక్షిణామూర్తి సంతోషించాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత త్వరగా అర్థం చేసుకున్న అర్జీదారు ఆయనకు తారసపడలేదు.

ఇక విలువ. సుంకం వెయ్యాలంటే విలువ తేలాలి. ఈ దేశంలో అలాంటి కారు ఇంకొకటి అమ్ముడుపోయి ఉంటే దాన్నిబట్టి తేల్చవచ్చు. ఇంకొకటి లేదు. ఇంకొకటి తెప్పిద్దామంటే, దాని విలువ తేలడానికి మొదటిది కావాలి. ఈ చిక్కు మీద దక్షిణామూర్తి రెండు వారాలు ఆలోచించి, కారు కాగితాల్లో రెండు వందల ఎనభై అశ్వశక్తి అని ఉండటం గమనించి, దాన్ని తాత్కాలికంగా రెండు వందల ఎనభై పందెపు గుర్రాల కింద నమోదు చేశాడు. మర్నాడు పశువైద్య శాఖ నుంచి గుర్రాలకు మేత ఎవరు వేస్తున్నారని ఉత్తరం వచ్చింది. పెట్రోలు పోస్తున్నామని జవాబు రాస్తే, జంతు హింస కింద సంజాయిషీ అడిగారు. అప్పుడు దాన్ని కొట్టేసి, విలువ దగ్గర "పరిశీలనలో" అని రాశారు.

కారును రేవు గోదాములో ఒక మూల పెట్టారు. ఆ మూల నేల ఏటవాలు. ఓడలోంచి దించినప్పుడు కారు హ్యాండు బ్రేకు తీగ తెగిపోయింది. సూరి ఇంటి పెరట్లోంచి ఒక రాయి తెచ్చి వెనక చక్రానికి అడ్డు పెట్టాడు. ప్రతి శనివారం వెళ్లి కారు తుడిచేవాడు. ఇంజను ఒకసారి తిప్పి ఆపేవాడు. నెల తిరిగేసరికి బ్యాటరీ పోయింది. కొత్తది కొని బిగించాడు. సోమవారం ఆయనకు తాఖీదు వచ్చింది.

"సదరు వాహనమునకు నూతన బ్యాటరీ అమర్చుట వలన దాని వయస్సు రెండు దినముల పదునైదు గంటలు తగ్గినది. వయస్సు పెరుగుటకై నిరీక్షించుచున్న వాహనమును చిన్నది చేయుట ఉద్దేశపూర్వకమా?"

సూరి తాఖీదు పట్టుకుని పరుగెత్తాడు. దక్షిణామూర్తి ఓపికగా వివరించాడు.

"వాహనమనగా భాగముల సముదాయము. సముదాయము వయస్సు భాగముల వయస్సుల సగటు. పదునాలుగవ వివరణ పత్రము చూడుడు. ఇప్పటికి భాగములను ఉజ్జాయింపుగా వేసితిమి. ఇక మీ వాహనములో అవి ఎన్నియో అధికారికముగా లెక్కింపవలసియున్నది."

ముగ్గురు సభ్యుల సంఘం తొమ్మిది రోజులు గోదాములో కూర్చుని లెక్కపెట్టింది. స్టెప్నీ కింద దొరికిన చచ్చిన బొద్దింకను ఒక సభ్యుడు భాగంగా రాశాడు. రెండో సభ్యుడు అసమ్మతి పత్రం జతచేశాడు. మూడో సభ్యుడు బొద్దింక జపాన్‌దో విశాఖదో తేలేదాకా ఓటు వెయ్యనన్నాడు. చివరికి బొద్దింకను వదిలేస్తే భాగాలు సరిగ్గా నాలుగు వేలు వచ్చాయి. గుండ్రటి అంకె వచ్చినందుకు అందరూ కరచాలనం చేసుకున్నారు.

ఆ జాబితా నకలు సూరి ఇంటికి తెచ్చి బల్ల మీద పడేసి, మంచం మీద ఒరిగాడు. అప్పటికి డెబ్బై ఆరో రోజు. తుక్కు యంత్రం గోదాము పక్కనే ఉంది. రోజూ ఒక పాత వ్యాను లోపలికి వెళ్లి, ఇనప్పెట్టె అంత అయి బయటికి రావడం ఆయన చూస్తూనే ఉన్నాడు.

ఆయన భార్య నూకరత్నం అన్నం వడ్డించి, జాబితా చేతిలోకి తీసుకుంది. ఆమెకు ఏ కాగితం కనబడినా మొదటినుంచి చివరిదాకా చదవడం అలవాటు. పద్నాలుగో పేజీలో ఆగింది.

"మావా, ఇదేటిది? పార్కింగు బ్రేకు, బ్రాకెట్లో రాతి, ఒకటి?"

"సక్రానికి అడ్డెట్టిన రాయిలే. బ్రేకు పని సేత్తంది కాబట్టి అదీ బ్రేకేనంట. ఆలు సెప్పినారు."

"ఏ రాయి?"

సూరి లేచి కంచం ముందు కూర్చున్నాడు.

"నా రుబ్బురోలు పొత్రం కాదు కదా?" అంది నూకరత్నం. "నాను రెండు నెలలబట్టి ఎతుకుతున్నాను! పక్కింటి ఆవిడ అట్టుకుపోయిందని దానితో మాటలు కూడా మానీసినాను!"

సూరి ముద్ద నోట్లో పెట్టుకుని గోడకేసి చూశాడు. ఆమె కాసేపు తిట్టి, మళ్లీ జాబితా చూసింది.

"అన్నిటికీ వయసు రాసినారు. దీనికేటి, గీత ఎట్టి ఒగ్గీసినారు?"

"దాని వయసు ఆలకేటి తెలస్తది?"

"కొండరాయి మావా అది. కొండకి ఎంత వయసుంటే దానికంత ఉంటాది."

సూరి నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. అన్నం వదిలేసి లేచి, చెయ్యి కడుక్కుని, సైకిలెక్కాడు.

ఊళ్లో కళాశాలలో భూగర్భశాస్త్రం చెప్పే ఒక మేష్టారు గోదాముకు వచ్చి, చక్రం పక్కన బోర్లా పడుకుని, భూతద్దంతో పొత్రాన్ని చూశాడు. కారును చూడనేలేదు. లేచి చొక్కా దులుపుకుని, "తూర్పు కనుమల రాయి. సుమారు నూట అరవై కోట్ల ఏళ్లు. రెండు మూడు కోట్లు అటూ ఇటూ" అని రాసిచ్చాడు.

ఎనభై ఎనిమిదో రోజున సూరి ఆ కాగితం దక్షిణామూర్తి ముందు పెట్టాడు.

"అటూ ఇటూ అన్నచో చెల్లదు" అన్నాడు ఆయన. "జన్మతేదీ కావలెను."

"అది పుట్టినప్పుడు అక్కడెవలూ లేరండి బాబూ."

దక్షిణామూర్తి దీని గురించి ఆలోచించాడు. సాక్షులు లేని జననాలకు ఇద్దరు గెజిటెడ్ అధికారుల ధ్రువీకరణ సరిపోతుందని నిబంధన ఉంది. పక్క గదిలోంచి ఇద్దరిని పిలిపించాడు. ఆ రాయి తమకు వ్యక్తిగతంగా తెలుసనీ, వయసు నూట అరవై కోట్లేననీ వాళ్లు సంతకాలు చేశారు. ఆయన ఎర్ర కలంతో కూడి, నీలం కలంతో భాగించి, ఆకుపచ్చ కలంతో జవాబు కింద గీత గీశాడు.

"సదరు వాహనము వయస్సు నాలుగు లక్షల ఇరువది తొమ్మిది సంవత్సరములు" అని ప్రకటించి, లేచి నిలబడ్డాడు. గదిలో ఉన్నవాళ్లంతా లేచారు. పురాతనమును గౌరవింతుము అని ఆయనే కదా చెప్పాడు.

"విలువ?" అన్నాడు గుమాస్తా.

"నాలుగు లక్షల యేండ్ల నాటి వాహనము అమూల్యము."

"అమూల్యానికి సుంకం ఎంత సార్?"

"అమూల్యమనగా మూల్యము లేనిది. మూల్యము లేని దానిపై సుంకము సున్న."

సూరికి కళ్లనీళ్లు తిరిగాయి. మర్నాడు పొద్దున్నే నూకరత్నాన్ని వెంటబెట్టుకుని, డబ్బాలో పెట్రోలు పట్టుకుని గోదాముకు వెళ్లాడు. మూలలో కారు లేదు. బయట నాలుగు తాళ్లు కట్టి, క్రేను దాన్ని లారీ మీదికి ఎత్తుతోంది. పొత్రాన్ని విడిగా, పట్టుగుడ్డలో చుట్టి, ఇద్దరు మోస్తున్నారు. పక్కన దక్షిణామూర్తి ఫైలు గుండెలకు హత్తుకుని నిలబడ్డాడు.

"నూరేండ్లు దాటినది జాతి సంపద" అన్నాడు. "నకలు ప్రాచీన వస్తుశాల వారికి పంపవలెనని పత్రములోనే యున్నది. నేను పంపితిని. వారు వచ్చిరి. ఫైలుతో పాటు నన్ను కూడ డిప్యుటేషనుపై పంపుచున్నారు."

"నా కారండీ అది! నా స్నేహితుడిచ్చినాడు!" అన్నాడు సూరి.

"నాలుగు లక్షల యేండ్ల వస్తువునకు యజమాని యెవరు అప్పలసూరిగారూ? మీరును నేనును దాని ముందెంత?"

ఆ ప్రశ్నకు జవాబు నూకరత్నం దగ్గర ఉంది గాని, అది రాయదగిన భాష కాదు.

తీరప్రాంత ప్రాచీన వస్తుశాలలో కమోమెకు మధ్య హాలు ఇచ్చారు. చుట్టూ ఎర్ర తాడు కట్టి, బోర్డు పెట్టారు: "శిలాయుగ వాహనము. కాలము: క్రీస్తుపూర్వము సుమారు నాలుగు లక్షలు. లభించిన చోటు: ఓడరేవు గోదాము." బడిపిల్లలను తీసుకొచ్చిన ఒక టీచరు, ఆదిమానవుడు కూడా స్టీరింగు కుడివైపే పెట్టుకునేవాడని, మన సంప్రదాయాలు ఎంత ప్రాచీనమో గమనించమని చెప్పింది. పిల్లలు రాసుకున్నారు.

సూరి రోజూ టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి తాడు ఇవతల కూర్చునేవాడు. కారు మీద దుమ్ము పడుతోంది. దుమ్ము కూడా ప్రాచీనమేనని తుడవనివ్వడం లేదు. అది ఆయన ఓర్చుకోగలడు. గేర్‌బాక్సు సంగతే ఓర్చుకోలేకపోయాడు. ఒకరోజు దక్షిణామూర్తి దగ్గరికెళ్లి చెప్పాడు.

"బాబూ, దాన్లో నూనె ఆడాలండి. ఆడకపోతే సీళ్లు ఎండిపోయి పగిలిపోతాయి. ఇంకొక్క ఏడాది ఇలగే ఉంటే మరి గేరు పడదు. దాని లోపలేటుందో తెలిసినోడు ఒకడు పోయినాడు. నాను కూడా పోతే మరెవలూ బాగుసెయ్యలేరండి."

"ప్రదర్శిత వస్తువును తాకరాదు" అన్నాడు దక్షిణామూర్తి. కాని సూరి ముఖంలోకి చూడకుండా అన్నాడు.

అప్పుడే పక్క హాల్లోంచి వీణ వినిపించింది. సూరి వెళ్లి తొంగిచూశాడు. ఒక ముసలి విద్వాంసుడు అద్దాల పెట్టెలోంచి తీసిన పాత వీణ వాయిస్తున్నాడు. గోడ మీద నిబంధన రాసి ఉంది: "సంగీత వాద్యములు మూగపోకుండుటకై నెలకొక పర్యాయము నిపుణునిచే పలికింపవలెను."

సూరి దాన్ని మూడుసార్లు చదివాడు. తిరిగివచ్చి, దక్షిణామూర్తి బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, మన కారు వాద్యమేమోనని నాకు అనుమానమండి."

దక్షిణామూర్తి కలం పక్కన పెట్టాడు. ఆయన తండ్రి నాదస్వరం వాయించేవాడని, తనను కూడా నేర్చుకోమంటే పరీక్షలు రాసి ఉద్యోగంలో చేరాడని ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. అందుకే ఆయన ఈ ప్రశ్నను నవ్వి తోసెయ్యలేదు.

"గాలి లోనికి పోవునా?" అన్నాడు మెల్లగా.

"పోతాదండి. ముందర ఫిల్టరు కాడ."

"గొట్టము గుండా వెలికి వచ్చునా?"

"రెండు గొట్టాలండి. ఎనకాల."

"రంధ్రములు?"

"వాల్వులున్నాయండి. ఇరవై నాలుగు. మూసుకుంటాయి, తెరుసుకుంటాయి."

"నాదము?"

"అదొక్కటీ నాను సెప్పలేనండి. ఇనాల."

దక్షిణామూర్తి ఫైలు తెరిచాడు. ఆకుపచ్చ కలం తీసి రాశాడు. "శిలాయుగ వాహనముగా పేర్కొనబడినది పరిశీలనలో సుషిర వాద్యమని తేలినది. నిపుణుడు: శ్రీ కోరాడ అప్పలసూరి."

నెల మొదటి సోమవారం సూరి తాడు దాటి లోపలికి వెళ్లాడు. నూనె మార్చాడు. తాళం తిప్పాడు. హాల్లో అద్దాలన్నీ గలగలలాడాయి. బుద్ధవిగ్రహం మీద నుంచి ఒక పావురం లేచిపోయింది. పొగకు సందర్శకులు దగ్గుతూ బయటికి పరుగెత్తారు. దక్షిణామూర్తి మాత్రం కదల్లేదు. తల కొద్దిగా ఒకపక్కకు వంచి వింటున్నాడు.

"ఇది మంద్రస్థాయి మాత్రమే కదా?" అన్నాడు పొగలోంచి. "పైస్థాయి లేదా?"

"ఐదు గేర్లున్నాయండి. అయితే కూకున్నకాడ పలకవండి బాబూ. కదలాల."

ఆ సాయంత్రమే ఉత్తర్వు తయారైంది. పొగ వచ్చు వాద్యమును ఆరుబయట పలికింపవలెను. పూర్ణస్థాయి కొరకు అవసరమగు దూరము కదలనీయవలెను. భీమిలి దారిలో పదహారు కిలోమీటర్లు కచేరీ స్థలముగా భావింపవలెను. వాద్యమునకు నంబరు పలక అవసరము లేదు. వస్తుశాల వెలుపల ఉన్నంతసేపు బాధ్యుడగు అధికారి వెంట ఉండవలెను.

మర్నాడు పొద్దున్న సూరి స్టీరింగు పట్టుకున్నాడు. పక్క సీట్లో దక్షిణామూర్తి ఫైలు ఒళ్లో పెట్టుకుని, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. సముద్రం ఒకపక్క, కొండ ఒకపక్క. మొదటి గేరు, రెండో గేరు. మూడో గేరులో సూరికి ఎందుకో ఏడుపొచ్చింది. నాలుగోదానికి వచ్చేసరికి నవ్వొచ్చింది. ఐదోది వేశాడు. మొరితా చేత్తో నూరి సరిచేసిన పళ్లు వెన్నలోకి చాకు దిగినట్టు కలుసుకున్నాయి. ఫైల్లోంచి రెండు కాగితాలు ఎగిరి సముద్రం వైపు పోయాయి. దక్షిణామూర్తి వాటిని పట్టుకోవడానికి ప్రయత్నించలేదు.

తిరిగి వచ్చేసరికి వస్తుశాల మెట్ల దగ్గర నూకరత్నం క్యారియరు పట్టుకుని నిలబడి ఉంది.

"బాగుందేటి?" అని అడిగింది. సూరి తల ఊపాడు. ఆమె కారు చుట్టూ ఒకసారి తిరిగి, దక్షిణామూర్తి వైపు చూసింది.

"మరి నానెక్కొద్దేటి బాబూ?"

ఉన్నవి రెండే సీట్లు. ఒకటి నిపుణుడిది. రెండోది అధికారిది. అధికారి లేకుండా వాద్యం గేటు దాటకూడదు. దక్షిణామూర్తి కారులోంచి కష్టపడి బయటికి వచ్చి, నడుము సరిచేసుకుని, మిగిలిన ఫైలు తెరిచాడు. కాసేపు మూడు కలాలనూ మార్చి మార్చి చూశాడు.

"అధికారి స్వల్పకాలిక సెలవులో ఉన్నప్పుడు బాధ్యతలు వేరొకరికి అప్పగింపవచ్చును" అని పైకి చదువుతూ రాశాడు. "శ్రీమతి నూకరత్నం, ఒక గంట కాలము, ఇన్‌ఛార్జి అధికారిణి. ఇక్కడ సంతకం పెట్టమ్మా."

నూకరత్నం సంతకం పెట్టి, ఫైలు చంకలో ఇరికించుకుని, అధికారిణిలాగే కూర్చుంది. క్యారియరు దక్షిణామూర్తి చేతికిచ్చింది. కారు గేటు దాటి మలుపు తిరిగింది.

దక్షిణామూర్తి మెట్ల మీద కూర్చుని, క్యారియరు పక్కన పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. దూరంగా ఒకటో గేరు, రెండు, మూడు. వేళ్లతో మోకాలి మీద లెక్క వేసుకుంటున్నాడు. నాలుగు. సముద్రపు గాలి అడ్డొచ్చి ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. తర్వాత, ఎక్కడో కొండ మలుపు దగ్గర, ఐదోది పడింది.

"ఆహా!" అన్నాడు దక్షిణామూర్తి.

ఆ మాట ఏ ఫైల్లోనూ ఎక్కలేదు.